పద్యం ఒప్పజెప్పాక

రాజపాళయంలో తెలుగింట పుట్టిన పిల్లలకు నీతి రెండు భాషల్లో అందుతుంది. ఇంట్లో నాయనమ్మో అమ్మమ్మో చెప్పేది తెలుగులో, బడిలో టీచరు చెప్పేది తమిళంలో. పొద్దున గంట కొట్టగానే పిల్లలు వరుసల్లో నిలబడి తమిళ తల్లి వందన గీతం పాడతారు. ఒకరు ముందుకొచ్చి ఆ రోజు తిరుక్కురళ్ పద్యం చదివి అర్థం చెబుతారు. ఇంకొకరు వార్తలు చదువుతారు. ఆపైన ప్రతిజ్ఞ. తమిళనాడు బడుల్లో ఏళ్లుగా సాగుతున్న పద్ధతి ఇది. చిన్న తరగతుల పిల్లలకు అవ్వైయార్ ‘ఆత్తిచూడి’ అక్షరాలతో పాటే వచ్చేస్తుంది. ఒక్కో అక్షరానికి ఒక్కో నీతి. అక్షరం దిద్దిన చెయ్యి ఆ నీతినీ దిద్దుతుంది.

సాయంత్రం ఇంటికి రాగానే అదే నోరు తెలుగులోకి మారిపోతుంది. అన్నం వదిలేస్తే ఎందుకు తప్పో, పెద్దవాళ్లు వస్తే ఎందుకు లేవాలో, ఎదుటివాడి సొమ్ము ఎందుకు ముట్టకూడదో తెలుగులోనే చెబుతారు. అయితే ఆ తెలుగుకు పుస్తకం తోడు లేదు. ఇక్కడ తెలుగు మాట్లాడేవాళ్లలో చాలామందికి తెలుగు చదవడం రాదు. వేమన, సుమతీ శతకం చేరాలంటే ఎవరో ఒకరు నోటితో చెప్పాలి, లేదా తమిళ లిపిలో రాసుకోవాలి.

మధురై నుంచి నైరుతి దిక్కుగా ఎనభై అయిదు కిలోమీటర్లు వస్తే పడమటి కనుమల పాదాల దగ్గర ఉంటుంది రాజపాళయం. విరుదునగర్ జిల్లా. 2011 జనాభా లెక్కల నాటికి పట్టణంలో లక్షా ముప్పై వేల మంది. విజయనగర, నాయకరాజుల కాలాల్లో తెలుగు నేల నుంచి దక్షిణానికి వచ్చిన రాజుల కులస్థులు ఇక్కడ ఊరు కట్టుకున్నారు. ధనుంజయ, కాశ్యప, కౌండిన్య, వశిష్ఠ గోత్రాలను, పూసపాటి వంటి ఇంటిపేర్లను నేటికీ కాపాడుకుంటున్నారు. బయటి ప్రపంచానికి ఈ ఊరు నూలు మిల్లులతో తెలుసు, పక్కనున్న సత్రపట్టిలో తయారయ్యే ఆసుపత్రి దూది, బ్యాండేజీ గుడ్డతో తెలుసు, 2005లో తపాలా బిళ్ల మీదికెక్కిన తెల్లటి వేటకుక్కతో తెలుసు. ఆ ఊరి బడిపిల్లల గురించి రాయాలనిపించడానికి కారణం వేరు. రెండు గొప్ప నీతి సంప్రదాయాలు ఒకే పిల్లవాడిలో కలిసే చోటు ఇది. ఇంత నీతి విన్న పిల్లవాడు పెద్దయ్యాక ఎలాంటి మనిషి అవుతాడన్న ప్రశ్నకు ఇంతకంటే మంచి చోటు దొరకదు.

మద్రాసులో పుట్టిన మన నీతి పుస్తకం

బడిలో నీతి చెప్పడం తెలుగువాళ్లకు కొత్త కాదు. మన తాతముత్తాతలు అక్షరాలతో పాటు బతుకుతెరువునూ నేర్చుకున్న బాలశిక్ష పంతొమ్మిదో శతాబ్దంలో, మద్రాసు అచ్చుపుస్తకాల కాలంలో, పుదూరు సీతారామశాస్త్రి చేతిలో రూపుదిద్దుకుంది. తర్వాత పెరిగి పెద్దబాలశిక్ష అయింది. తరతరాల విద్యార్థులు మిత్రలాభం, మిత్రభేదం చదువుకున్న ‘నీతిచంద్రిక’ 1853లో వచ్చింది. రాసిన పరవస్తు చిన్నయసూరి పుట్టింది శ్రీపెరుంబుదూరులో, చదువు చెప్పింది మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో. అంటే తెలుగు బడి నీతిపాఠం తమిళ నేల మీదే తయారై మన ఊళ్లకు వచ్చింది. రాజపాళయం తెలుగు పిల్లలకు మాత్రం ఆ పుస్తకాలు అందలేదు. ఇది నాకు చాలా బాధ కలిగించే సంగతి.

స్వాతంత్య్రం వచ్చాక ప్రభుత్వాలు ఈ పనిని మళ్లీ మళ్లీ తలకెత్తుకున్నాయి. 1959లో శ్రీప్రకాశ అధ్యక్షతన కేంద్రం ఒక కమిటీ వేసింది, బడుల్లో నైతిక బోధన ఉండాలని ఆ కమిటీ చెప్పింది. 1964–66 కొఠారీ కమిషన్ వారానికి ఒకటి రెండు పీరియడ్లు కేటాయించమంది. 2016లో మద్రాసు హైకోర్టు మధురై ధర్మాసనం తిరుక్కురళ్‌లోని అరం (ధర్మం), పొరుళ్ (అర్థం) భాగాలను ఆరు నుంచి పన్నెండో తరగతి దాకా బోధించాలని ఆదేశించింది. 2018లో ఢిల్లీ ప్రభుత్వం ఆనంద పాఠ్యక్రమం మొదలుపెట్టింది. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రవచనకర్త చాగంటి కోటేశ్వరరావును విద్యార్థుల నైతిక విలువల సలహాదారుగా నియమించింది. ప్రతి తరమూ తన పిల్లల గురించి దిగులుపడుతుంది, ప్రతి తరమూ ఒక పీరియడ్ పెడుతుంది.

ఆ దిగులును నేను తేలిగ్గా తీసుకోను. పిల్లవాడు అబద్ధమాడితే, తోటివాణ్ని ఏడిపిస్తే, ముసలివాళ్లను విసుక్కుంటే తల్లి గుండె తరుక్కుపోతుంది. బడి ఏదైనా చేయాలని ఆమె కోరుకోవడం న్యాయమే. నా అడుగు అక్కడి నుంచి ముందుకు పడుతుంది. పీరియడ్‌లో చెప్పింది పిల్లవాడి నడతలోకి ఏ దారిన వస్తుంది?

పదకొండు వేల మంది పిల్లలు

ఈ ప్రశ్నను మొదటిసారి పెద్ద ఎత్తున పరీక్షకు పెట్టినవాళ్లు ఇద్దరు అమెరికన్లు, హ్యూ హార్ట్‌షోర్న్, మార్క్ మే. 1920లలో కొలంబియా విశ్వవిద్యాలయం టీచర్స్ కాలేజీ తరఫున ఎనిమిది నుంచి పదహారేళ్ల లోపు పిల్లలను, దాదాపు పదకొండు వేల మందిని, పరిశీలించారు. ఫలితాలు 1928 నుంచి 1930 దాకా మూడు సంపుటాలుగా వచ్చాయి.

వాళ్ల పద్ధతి తెలివైనది. నీకు నిజాయితీ ఉందా అని పిల్లలను అడగలేదు. మోసం చేసే వీలు కల్పించి చూశారు. పరీక్ష పెట్టి, జవాబు పత్రాలు తీసుకెళ్లి రహస్యంగా నకలు రాసుకుని, మర్నాడు అవే పత్రాలు సరైన జవాబులతో పాటు పిల్లలకిచ్చి మీరే దిద్దుకోండన్నారు. ఎవరు జవాబు మార్చారో నకలు పక్కన పెడితే తెలిసిపోతుంది. డబ్బు ఉన్న పెట్టెలిచ్చి ఎవరు తిరిగి పెడతారో చూశారు. ఆటల్లో, ఇంటిపనిలో కూడా ఇలాగే.

తేలిందేమిటంటే, పిల్లల్లో వీళ్లు నిజాయితీపరులు, వీళ్లు మోసగాళ్లు అని గీత గీయడం కుదరలేదు. పరీక్షలో జవాబు మార్చినవాడు డబ్బు ముట్టుకోలేదు. ఆటలో అబద్ధమాడినవాడు ఇంటిపనిలో నిజం చెప్పాడు. ఏది మంచి, ఏది చెడు అన్న ప్రశ్నలకు బాగా జవాబు చెప్పడానికీ, ఎవరూ చూడనప్పుడు బాగా నడుచుకోవడానికీ మధ్య సంబంధం చాలా తక్కువ. నీతిపాఠాలు ఎక్కువగా విన్న పిల్లలు ఆ కారణంగానే మెరుగ్గా ప్రవర్తించిన దాఖలా బలంగా కనిపించలేదు. బలంగా కనిపించింది ఇంకొకటి. ఒకే తరగతి గదిలో కూర్చునే పిల్లలు చాలావరకు ఒకేలా నడుచుకున్నారు. టీచరుకూ పిల్లలకూ మధ్య నమ్మకం ఉన్న గదిలో మోసం తగ్గింది.

దాదాపు వందేళ్ల కిందటి పరిశోధన ఇది. ఆ తర్వాత దాని మీద వాదోపవాదాలు చాలా నడిచాయి. అయినా బడికి వెళ్లే పిల్లలున్న ఇంట్లో ఎవరికైనా ఇందులో నిజం కనిపిస్తుంది. పిల్లలు బడిలో రెండు పాఠాలు చదువుతారు. ఒకటి పుస్తకంలో ఉంటుంది, రెండోది బడి నడిచే తీరులో ఉంటుంది. రెండూ ఒకే మాట చెబితే పిల్లలకు నీతి ఒంటబడుతుంది. వేర్వేరు మాటలు చెబితే పిల్లలు రెండోదాన్నే నమ్ముతారు. వాళ్లను తప్పుపట్టలేం. పెద్దవాళ్లమైనా మనం చేసేది అదే.

పాప పాట పాడిన నోరు

తమిళ బడుల్లో చదివిన ఏ పిల్లకైనా సుబ్రహ్మణ్య భారతి పాప పాట వచ్చు. ఆడుకో పాపా అని మొదలయ్యే ఆ పాట మధ్యలో కులాలు లేవని, ఎక్కువ తక్కువలు చెప్పడం పాపమని పిల్లలకు నేర్పుతుంది. భారతి పుట్టిన ఊరు ఎట్టయాపురం, రాజపాళయానికి ఆగ్నేయంగా తూత్తుకుడి జిల్లాలో ఉంది. విరుదునగర్‌లో పుట్టిన కామరాజ్ ముఖ్యమంత్రిగా ఉండగా 1956లో బడిపిల్లలకు మధ్యాహ్న భోజనం మొదలుపెట్టింది కూడా ఎట్టయాపురంలోనే. ఆకలితో ఉన్న పిల్లవాడికి పాఠం ఎక్కదని గ్రహించిన మనిషి ఆయన.

2022 సెప్టెంబరులో తమిళనాడు ప్రభుత్వం పొద్దుటి పలహారం కూడా బడిలోనే పెట్టడం మొదలుపెట్టింది. మరుసటి ఏడాది సెప్టెంబరులో ఎట్టయాపురం దగ్గరి ఉసిలంపట్టిలో కొందరు పిల్లలు ఆ పలహారం ముట్టలేదు. వండింది దళిత మహిళ కావడమే కారణమని వార్తలు వచ్చాయి. అధికారులు వెళ్లారు. ఎంపీ కనిమొళి, మంత్రి గీతా జీవన్ వెళ్లి పిల్లల పక్కన కూర్చుని తిన్నారు. పిల్లలూ తిన్నారు.

ఆ పిల్లలకు భారతి పాట రాదా? వచ్చి ఉంటుంది. ఇంట్లో అమ్మ ‘ఆవిడ చేత్తో వండింది తినకు’ అన్న మాట పాట కంటే గట్టిగా వినపడింది, అంతే. మళ్లీ వాళ్ల చేత తినిపించింది కూడా ఇంకో పద్యం కాదు. పెద్దమనుషులు వచ్చి పక్కన కూర్చుని అదే తిండి తినడం.

ఇంకా బరువైన ఘటన నాంగునేరిది. 2023 ఆగస్టులో తిరునల్వేలి జిల్లా నాంగునేరిలో పన్నెండో తరగతి చదివే దళిత విద్యార్థి మీద, అడ్డొచ్చిన అతని చెల్లెలి మీద తోటి విద్యార్థులే ఇంటికొచ్చి కొడవళ్లతో దాడి చేశారు. దాడి చేసినవాళ్లూ మైనర్లే, వాళ్లూ బడిలో ప్రతిజ్ఞ చెప్పినవాళ్లే. ఈ వార్త చదివిన రోజు బడి అనే మాట మీదే నాకు నమ్మకం సడలింది.

దక్షిణ జిల్లాల బడుల్లో పిల్లలు ముంజేతికి రంగు రంగుల తాళ్లు కట్టుకుంటారు. ఏ రంగు ఏ కులానిదో పిల్లలందరికీ తెలుసు. 2019లో విద్యాశాఖ వాటిని అడ్డుకోవాలని ఉత్తర్వు పంపితే రాజకీయంగా గొడవ రేగి, అది వెనక్కి పోయింది. నాంగునేరి తర్వాత ప్రభుత్వం విశ్రాంత న్యాయమూర్తి కె. చంద్రు ఏకసభ్య కమిటీ వేసింది. 2024 జూన్‌లో ఆయన నివేదిక ఇచ్చారు. అందులోని సిఫారసులు చదువుతుంటే నాకు అది ఈ మధ్యకాలంలో వచ్చిన అతి మంచి నీతిపుస్తకం అనిపించింది. చేతి తాళ్లు, నుదుటి గుర్తులు వద్దన్నారు. తరగతిలో పిల్లలను పేర్ల అక్షరక్రమంలో కూర్చోబెట్టమన్నారు. హాజరు పట్టీలో కులం కనపడకూడదన్నారు. ఉపకారవేతనాల సంగతి తరగతిలో అందరి ముందూ చదవకండన్నారు. బడుల పేర్లలోంచి కులం తీసేయమన్నారు. ఒక్కో సిఫారసు వెనుక ఎన్నేళ్లుగానో తలదించుకుని కూర్చున్న ఒక పిల్లవాడున్నాడు. ‘ఎస్సీ స్కాలర్‌షిప్ వాళ్లు లేచి నిలబడండి’ అన్న మాట విన్నవాళ్లకు నేను వివరించనక్కర్లేదు. చెప్పినవాళ్లకు దురుద్దేశం లేకపోవచ్చు. ఆ ఒక్క మాటతో గదిలో ఉన్న మిగతా పిల్లలంతా పాఠం నేర్చేసుకుంటారు.

పూసపాటివారి ఇల్లు

రాజపాళయానికి తిరిగి వద్దాం. ఈ ఊరు తన పిల్లలకు చూపించదగ్గ జీవితం ఒకటుంది. పూసపాటి సంజీవి కుమారస్వామి రాజా 1898 జూలై 8న ఇక్కడ పుట్టారు. పసితనంలోనే తల్లినీ తండ్రినీ పోగొట్టుకుని అవ్వ చేతుల మీద పెరిగారు. గాంధీ దారిలో నడిచారు. 1949 ఏప్రిల్ నుంచి 1952 ఏప్రిల్ దాకా మద్రాసు రాష్ట్రానికి ప్రధాని, గణతంత్రం వచ్చాక ముఖ్యమంత్రి. అప్పటికి కోస్తాంధ్ర, రాయలసీమ కూడా ఆ రాష్ట్రంలోవే. మన తాతల కాలంలో విజయవాడనూ కడపనూ పాలించిన ప్రభుత్వానికి తమిళ నేల మీది ఒక తెలుగువాడు పెద్ద. 1952 ఎన్నికల్లో ఓడిపోయారు. తర్వాత ఒడిశా గవర్నరుగా పనిచేశారు. 1957లో కన్నుమూశారు.

ఆయన తన ఇంటిని ఊరికి ఇచ్చేశారు. గాంధీ కలై మండ్రం పేరుతో అది కళలకు, చదువుకు నెలవైంది. రాజపాళయంలో పిల్లలు ఆ వాకిట్లోంచి నడుస్తారు. ముఖ్యమంత్రిగా పనిచేసిన మనిషి ఇల్లు మనందరిదీ ఎందుకయిందని ఒక పిల్లవాడు అడిగితే, దానికి జవాబు చెప్పే టీచరుకు వేరే నీతిపాఠం అక్కర్లేదు.

ఇదే ఊళ్లో పి.ఎ.సి. రామస్వామి రాజా 1936లో రాజపాళయం మిల్స్ స్థాపించారు. ఇవాళ రామ్‌కో పేరుతో తెలిసిన సంస్థలకు అది మొదలు. ఆ కుటుంబం, ఊరి ఇతర దాతలు కట్టించిన బడులు, పాలిటెక్నిక్, కళాశాలల్లో ఎన్నో కులాల పిల్లలు చదువుకున్నారు, చదువుకుంటున్నారు. 1973లో రాజపాళయం రాజుల కళాశాల వచ్చింది. తాము సంపాదించినదాన్ని అక్షరంగా మార్చి పరాయి పిల్లలకు కూడా పంచిన సమాజాన్ని తేలిగ్గా మాట్లాడే హక్కు ఎవరికీ లేదు.

అందుకే కులం పేరున్న విద్యాసంస్థల గురించి మాట్లాడటం కష్టం. దక్షిణ తమిళనాడులో నాడార్ల బడులున్నాయి, రాజుల బడులున్నాయి, ఇంకా ఎందరివో ఉన్నాయి. ప్రభుత్వం పెట్టలేని రోజుల్లో తమవాళ్లకు చదువు రావాలని పిడికెడు బియ్యం పోగేసి పెట్టుకున్న బడులూ వాటిలో ఉన్నాయి. ఆ పేరు వాళ్లకు ఆత్మగౌరవం. గేటు మీద ఆ పేరు చదువుతూ లోపలికి నడిచే ఇంకో కులం పిల్లకు మాత్రం అది రోజూ వినపడే ఒక మాట. ఇద్దరి మనసూ నిజమే. చంద్రు సిఫారసుతో నేను ఏకీభవిస్తాను. అయితే ఆ పేరు మార్చే పని సర్కారు ఉత్తర్వుతో జరిగితే గోడ మీది రంగు మాత్రమే మారుతుంది. బడిని కట్టిన పెద్దల వారసులే కూర్చుని, కుమారస్వామి రాజా ఇల్లు ఇచ్చినట్టు, పేరును కూడా ఊరికి ఇచ్చేయాలి. ఇల్లు ఇవ్వడం తెలిసిన ఊరికి అది అసాధ్యం కాదని నా నమ్మకం.

చీపురు ఎవరి చేతిలో ఉంది

కుమారస్వామి రాజా గురువుగా ఎంచుకున్న గాంధీ స్వయంగా కొన్నాళ్లు బడి నడిపారు. దక్షిణాఫ్రికాలో 1910లో మొదలైన టాల్‌స్టాయ్ ఫారంలో తమిళ, తెలుగు, గుజరాతీ, హిందీ ఇళ్ల పిల్లలుండేవారు. ఆత్మకథలో ఆయన ఆ అనుభవాలు రాసుకున్నారు. మొదట్లో భజనలు పాడించారు, నీతిగ్రంథాలు చదివి వినిపించారు. అవి చాలవని త్వరలోనే తెలిసింది. ఒకసారి మాట వినని పిల్లవాణ్ని రూళ్లకర్రతో కొట్టారు. కొట్టేటప్పుడు తన చెయ్యే వణికిందని, ఆ పని సరైనదా కాదా అని తర్వాత ఎంతో ఆలోచించానని, మళ్లీ ఎవరినీ అలా కొట్టలేదని రాశారు. గురువు బతుకే పిల్లలకు పాఠమన్న నిర్ణయానికి ఆయన ఆ ఫారంలోనే వచ్చారు.

అక్కడ ఒక కట్టుబాటుండేది. టీచరు చేయని పని పిల్లలకు చెప్పకూడదు. వంట, తోటపని, పాయిఖానాల శుభ్రం, ఏ పనికి పిల్లలను పంపినా వాళ్లతో ఒక పెద్దమనిషి కూడా దిగాలి. నాకు తెలిసినంతలో విలువల విద్య గురించి ఎవరు చెప్పిన మాటల్లోనైనా ఇంత చిన్నదీ ఇంత కఠినమైనదీ లేదు.

ఎందుకంటే ఒకే చీపురు రెండు రకాల పాఠం చెప్పగలదు. 2022లో ఈరోడ్ జిల్లాలో ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో దళిత పిల్లల చేత మరుగుదొడ్లు కడిగించినందుకు ప్రధానోపాధ్యాయురాలిని అరెస్టు చేశారు. అక్కడ కూడా ఎవరైనా శ్రమ గౌరవం అనే మాట వాడగలరు. 1953లో రాజాజీ ప్రభుత్వం తెచ్చిన ఒంటిపూట బడి పథకం సంగతి చూడండి. సగం పూట చదువు, మిగతా పూట ఇంటి వృత్తి. చేతిపని నేర్చుకోవడం మంచిదే కదా అన్నారు. మంగలి కొడుకు మంగలిగానే, చాకలి కొడుకు చాకలిగానే ఉండిపోవాలా అని జనం తిరగబడ్డారు. మరుసటి ఏడాది కామరాజ్ వచ్చి దాన్ని రద్దు చేశారు. పని గొప్పదని చెప్పే హక్కు ఆ పనిని తానూ చేసేవాడిదే. చీపురు వంతులవారీగా కలెక్టరు కూతురికీ కూలివాడి కొడుక్కీ హెడ్మాస్టరుకీ వస్తే అది విలువ. కొందరికే వస్తే అది కులం.

కొట్టడం కూడా అంతే. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. ఇప్పటికీ ‘నాలుగు తగిలిస్తేనే దారికొస్తారు’ అనే తల్లిదండ్రులు తెలుగునాట, తమిళనాట సమానంగా ఉన్నారు. అహింస మీద వ్యాసం రాయించి, అందులో తప్పులకు చేతి మీద బెత్తం దెబ్బ వేస్తే పిల్లవాడికి గుర్తుండేది వ్యాసం కాదు.

మైకు పట్టుకుని వచ్చేవాళ్లు

ఈమధ్య బడుల్లో విలువలంటే బయటి నుంచి ఒక వక్తను పిలిచి గంటసేపు మాట్లాడించడమైపోయింది. మంచివాళ్లున్నారు, నేను కాదనను. 2024 ఆగస్టులో చెన్నైలో ఒక ప్రభుత్వ బాలికల పాఠశాలకు వచ్చిన వక్త మాత్రం పిల్లలకు పూర్వజన్మ పాపం వల్లే వైకల్యం, పేదరికం వస్తాయని చెప్పాడు. ఆ సభలోనే ఉన్న చూపులేని ఉపాధ్యాయుడు ఒకరు లేచి ఇది బడిలో చెప్పాల్సిన మాట కాదని అడ్డుకున్నారు. వక్త ఆయనతోనే వాదనకు దిగాడు. ఆ దృశ్యం రాష్ట్రమంతా చూసింది. వక్త అరెస్టయ్యాడు, బడుల్లో సభలకు నియమాలు పెడతామని ప్రభుత్వం ప్రకటించింది.

ఆ రోజు ఆ ఆడపిల్లలు నేర్చుకున్న విలువ వేదిక మీది నుంచి రాలేదు. అందరూ చేతులు కట్టుకుని వింటున్నప్పుడు ఒక మాస్టారు లేచి నిలబడ్డారు. వాళ్లకు జీవితమంతా గుర్తుండేది ఆయనే.

అందుకని ప్రవచనకర్తలను సలహాదారులుగా పెట్టుకున్నా, కురళ్ అధ్యాయాలు పాఠ్యక్రమంలో చేర్చుకున్నా నాకు అభ్యంతరం లేదు. కురళ్ నోటికి రావడం మంచిదే. వేమన రావడం ఇంకా మంచిది. చిన్నప్పుడు కంఠతా పట్టిన పద్యం నలభై ఏళ్లకు ఏదో ఒక కష్టంలో అర్థమవుతుంది. అయితే ఆ పద్యానికి బడిలో తగిన చోటు ఉండాలి. సత్యం గురించి కురళ్ చదివించిన బడిలోనే తనిఖీ అధికారి వచ్చే ముందు రోజు నోటుపుస్తకాలన్నీ దొంగతనంగా పూర్తి చేయిస్తే, పదో తరగతి ఉత్తీర్ణత శాతం కోసం వెనకబడిన పిల్లవాణ్ని ముందే టీసీ ఇచ్చి పంపిస్తే, పిల్లలు అంతా చూస్తుంటారు.

మంచి ప్రయత్నాలూ లేకపోలేదు. తంజావూరు ప్రాంతంలోని పాపనాశంలో రోటరీవాళ్లు గాంధీ జయంతికి మనిషి లేని దుకాణం పెడతారు. సరుకు తీసుకుని డబ్బు డబ్బాలో వేసి వెళ్లాలి, కాపలా ఉండదు. ఇలాంటి చిన్న కొట్టు బడిలో పెన్సిళ్లు, నోటుపుస్తకాలతో పెట్టొచ్చు. సాయంత్రం లెక్క తేలకపోతే ఎవరు దొంగ అని వెతకకుండా, ఎంత తగ్గిందో బోర్డు మీద రాసి మర్నాడు మళ్లీ తెరవాలి. ఆ మళ్లీ తెరవడంలోనే నమ్మకం ఉంది. తమిళనాడు ప్రభుత్వం 2024లో బాలల దినోత్సవాన ‘మగిళ్ ముట్రం’ పేరుతో పిల్లలను కురింజి, ముల్లై, మరుదం, నెయ్‌దల్, పాలై జట్లుగా కలిపే పద్ధతి మొదలుపెట్టింది. సంగం కవిత్వపు అయిదు నేలల పేర్లు అవి. పుట్టుకతో రాని ఒక గుంపులో పిల్లవాడికి చోటు దొరకడం చిన్న సంగతి కాదు. చేతి తాడు రంగు కంటే జట్టు రంగు ముద్దొచ్చే రోజు రావాలంటే ఇలాంటివి ఏళ్ల తరబడి ఓపికగా నడపాలి.

తల్లిదండ్రులకు కూడా పని ఉంది. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ బడి యాజమాన్య కమిటీలో ముప్పాతిక మంది తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం ఆడవాళ్లు ఉండాలి. ఆ సమావేశాల్లో మార్కుల గురించి, గోడ సున్నం గురించి మాట్లాడుకుంటారు. ఈసారి వేరే ప్రశ్నలు అడిగి చూడండి. మా పిల్ల పక్కన ఎవరు కూర్చుంటారు? ఎవరు నిర్ణయించారు? భోజనాల దగ్గర పిల్లలు కలిసి కూర్చుంటారా, గుంపులు గుంపులుగానా? మరుగుదొడ్డి ఎవరు కడుగుతారు? తప్పు చేసిన పిల్లవాడికి మాట్లాడే అవకాశం ఇస్తారా? టీచరే పొరపాటు పడితే పిల్లల ముందు ఒప్పుకుంటారా?

తిరుక్కురుంగుడి దాసరి

రాజపాళయం తెలుగు తల్లులకు ఒక మాట చెప్పాలి. ఊరికి పది పన్నెండు కిలోమీటర్ల దూరంలోని శ్రీవిల్లిపుత్తూరు మీద తెలుగులో మహాకావ్యం ఉంది. శ్రీకృష్ణదేవరాయల ‘ఆముక్తమాల్యద’. అందులో విష్ణుచిత్తుడు జడివానల్లో కూడా వండించి అతిథులకు పెడతాడు. తులసివనంలో దొరికిన పసికందును కన్నకూతురిలా పెంచుతాడు. ఆ బిడ్డే ఆండాళ్. మీ పిల్లలు ఆ గుడి గోపురాన్ని బస్సు కిటికీలోంచి చూస్తారు, దాన్ని గురించి తమ భాషలోనే అంత గొప్ప కావ్యం ఉందని చాలామందికి తెలియదు.

అందులోనే మాలదాసరి కథ ఉంది. తిరుక్కురుంగుడి స్వామికి భక్తుడు, అంటరాని కులంవాడు. రోజూ తెల్లవారక ముందే నడిచి వెళ్లి గుడి వాకిట నిలబడి పాడతాడు. ఒక రాత్రి వేళ తప్పి బయల్దేరి మర్రిచెట్టు కింద బ్రహ్మరాక్షసుడి చేతికి చిక్కుతాడు. స్వామికి పాట పాడి తిరిగొస్తాను, అప్పుడు తిను అని వేడుకుంటాడు. ప్రాణం పోయేచోటికి ఎవడైనా తిరిగొస్తాడా అని రాక్షసుడు నవ్వుతాడు. దాసరి ఒట్టు పెట్టి వెళ్తాడు. మనసారా పాడతాడు, తిరిగొస్తాడు. పూర్వం బ్రాహ్మణుడైన ఆ రాక్షసుడు అతని సత్యం చూసి నిర్ఘాంతపోయి, నీ పాట ఫలం నాకు ధారపోసి నన్ను విడిపించమని కాళ్ల మీద పడతాడు.

అయిదు వందల ఏళ్ల కిందట ఒక చక్రవర్తి, మాట నిలబెట్టుకోవడం అంటే ఏమిటో చూపించడానికి రాజునో పండితుణ్నో ఎంచుకోకుండా ఈ మనిషిని ఎంచుకున్నాడు. ఆ తిరుక్కురుంగుడి ఇవాళ్టి నాంగునేరి తాలూకాలో ఉంది.

లిపి రాకపోయినా ఈ కథ చెప్పొచ్చు. మీ ఇంటి తెలుగులో, మీ మాటల్లో, రాత్రి అన్నాలయ్యాక చెప్పండి. రాక్షసుడి గొంతు మార్చి చెబితే చిన్నపిల్లలు దగ్గరికి జరుగుతారు. కథ అయ్యాక ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది: ‘అంత మంచివాడు కదా, గుడి లోపలికి వెళ్లకుండా వాకిట్లోనే ఎందుకు నిలబడ్డాడు?’ దాటవేయకండి. మనవాళ్లే రానివ్వలేదని చెప్పండి. ఆ తర్వాత పిల్ల తన తరగతి గురించి ఏదో చెప్పడం మొదలుపెడుతుంది. ఎవరు ఎవరి పక్కన కూర్చోరో, ఎవరి సీసాలో నీళ్లు ఎవరు తాగరో చెబుతుంది. మధ్యలో ఆపకుండా చివరిదాకా వినండి. మర్నాడు బడికి వెళ్లి మాట్లాడండి.